మంచంలో ఉన్న నాన్న పింఛను తనిఖీకి డాక్టర్లు ఇంటికి వస్తున్నారట. ఏం సిద్ధం చేసుకోవాలి?

కోనసీమ పెద్దబ్బాయి (2025 జనవరి)

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఊళ్ళో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. నాన్నకు 2021లో పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. "అదే... అదే" అన్న ఒక్క మాటే వస్తుంది, ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. అంతకుముందు జీవితమంతా కొబ్బరికాయలు ఒలిచిన మనిషి.

మంచానికి పరిమితమైనవాళ్ళకు ఏపీ ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను నాన్నకు నెలకు 15,000 వస్తోంది. ఇదివరకు 5,000 ఉండేది, 2024లో పెంచారు. డైపర్లు, మందులు, ఫిజియో అన్నీ దీంతోనే నడుస్తున్నాయి. ఇప్పుడు పదిహేను వేలు తీసుకునేవాళ్ళందరినీ డాక్టర్లు ఇంటికొచ్చి చూస్తారని గ్రామ సచివాలయం నుంచి కబురొచ్చింది. ఏ రోజో చెప్పలేదు. పండగలోపే రావచ్చని ఊళ్ళో అనుకుంటున్నారు. నేనేమో భోగి ముందురోజు గానీ బయలుదేరలేను.

నా టెన్షన్ ఏమిటంటే, అమ్మ ఇప్పటికే ఇల్లంతా ఫినాయిలు పోసి కడుగుతోంది. యూరిన్ క్యాన్ ఎక్కడ దాచాలా అని చూస్తోంది. "డాక్టర్లొచ్చేసరికి ఇల్లు కంపు కొడితే ఏమనుకుంటారురా" అంటుంది. నాన్న సంగతి ఇంకో రకం. ఇంటికి ఎవరొచ్చినా చొక్కా వెయ్యమని సైగ చేస్తాడు, కుర్చీలో కూర్చోబెట్టమంటాడు. దిండ్లు ఆనించి కూర్చోబెడితే పది నిమిషాలు నిటారుగా కూర్చుని, ఎడం చేత్తో దణ్ణం పెట్టి, నవ్వుతాడు. వాళ్ళు గుమ్మం దాటగానే ఒక పక్కకి ఒరిగిపోతాడు. డాక్టర్లు చూసేది ఆ పది నిమిషాలే అయితే?

ఏం కాగితాలు పెట్టుకోవాలి, ఏం అడుగుతారు, నాన్నను కుర్చీలో ఉంచాలా మంచం మీదే ఉంచాలా, అమ్మ ఒక్కతే ఉంటే సరిపోతుందా, నేను సెలవు పెట్టి వెళ్ళాలా? ఇప్పటికే తనిఖీ అయినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.

సూటిగా చెప్తా

ఇందులో అంత ఆలోచించేదేముంది బ్రో. ఆ రోజు పొద్దున్నుంచి ఏమీ పెట్టకండి, నీరసంగా పడి ఉంటారు. ఎడం చెయ్యి కూడా కదపొద్దని చెప్పండి. కళ్ళు మూసుకుని పడుకోమనండి. అయిపోయింది.

గీత కార్మికుడి భార్య

తమ్ముడూ, ముందు పైన ఆ బాబు చెప్పింది వినకండి. పక్షవాతం వచ్చి మందుల మీదున్న మనిషిని పస్తు పెడితే ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తుంది. డాక్టర్లు వచ్చేసరికి మీ ఇంటికి తాళం వేసి ఉంటుంది.

నేను నోటితో చెబుతుంటే ఫోను రాస్తోంది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. మాది చింతలపూడి వైపు. మా ఆయన కల్లు గీసేవారు. మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డారు, వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. చేతులు మాత్రం గట్టివి, నోరు ఇంకా గట్టిది. మంచం మీద దిండుకి ఆనుకుని వచ్చినవాళ్ళందరితో రాజకీయాలు మాట్లాడతారు. చూసినవాళ్ళు "ఈయనకేమైందండీ, దుక్కలా ఉన్నాడు" అని నా ముందే అన్న రోజులున్నాయి. కాబట్టి మీ టెన్షన్ నాకు అర్థమైంది.

మొన్న మా ఇంటికొచ్చి వెళ్ళారు. ముందురోజు సాయంత్రం సచివాలయం నుంచి ఫోను, అంతే. ఇంట్లో ఉన్నది పావుగంట ఉంటుందేమో. దుప్పటి తియ్యమన్నారు. పిక్కలు చేత్తో పట్టి చూశారు, కండ కరిగిందా లేదా అని. అరికాళ్ళు చూశారు. నడిచే మనిషి అరికాలు గరుకుగా ఉంటుంది కదా, మా ఆయనవి పసిపిల్లాడి పాదాల్లా మెత్తగా ఉంటాయి. చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. పిన్నుతో తాకుతూ ఎక్కడిదాకా తెలుస్తోందో అడిగారు. పక్కకి తిప్పమంటే నేనే తిప్పాను, నడుం కింద ఉన్న పుండు చూశారు. మూత్రం గొట్టం ఎవరు మారుస్తున్నారు, ఆఖరుసారి ఎప్పుడు మార్చారు అన్నారు. గుమ్మం దగ్గరున్న మగ చెప్పులు ఎవరివని కూడా అడిగారు. అవి మా అబ్బాయివి. తప్పుపట్టడానికి అడిగారని నేను అనుకోలేదు, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. దొంగ సర్టిఫికెట్లతో తీసుకునేవాళ్ళు మా మండలంలోనూ ఉన్నారు, అందరికీ తెలుసు.

పరీక్ష గురించి మీరు భయపడక్కర్లేదు, పడిపోయిన కాలు పడిపోయినట్టే కనిపిస్తుంది. చిక్కల్లా మన నోటితోనే. ఎవరైనా "ఎలా ఉన్నారండీ" అంటే "బానే ఉన్నామండీ" అనడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. డాక్టరుగారు లోపలికొస్తూనే "ఎలా ఉన్నాడమ్మా మీ అబ్బాయి" అని మా అత్తగారిని పలకరించారు. ఆవిడ "మీ దయవల్ల బానే ఉన్నాడు బాబూ, ఆడి పనులన్నీ ఆడే చేసుకుంటాడు" అంది! కొడుకు ఎవరికీ బరువు కాలేదని చెప్పుకోవాలని ఆవిడ ఆరాటం. పక్కనున్నాయన అప్పటికే ఫోనులో ఏదో నొక్కుతున్నాడు. నేను కల్పించుకుని, "అన్నీ అంటే ఏమిటో నన్ను చెప్పనివ్వండి సార్" అని మొదలుపెట్టాను. పొద్దున దొడ్డికి ఎలా వెళ్తారు, ఎవరు కడుగుతారు, స్నానం మంచం మీదేనా, రాత్రి పక్కకి ఎవరు తిప్పుతారు, అన్నీ. సిగ్గేసింది. అయినా చెప్పాను.

మీ ఇంట్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మీ నాన్నగారు మాట్లాడలేరు కాబట్టి ఏం చెప్పినా మీ అమ్మగారే చెప్పాలి. "తనంతట తాను తింటారా" అని అడుగుతారు. ఆవిడ "తింటారండీ" అని ఊరుకుంటే వాళ్ళు అదే రాసుకుంటారు. నిజానికి ఏం జరుగుతుంది? ఆవిడ అన్నం మెత్తగా పిసికి, చేపలో ముళ్ళు తీసి, స్పూను ఎడం చేతికిచ్చి, కారింది తుడిచి, పొరపోతుందేమోనని పక్కనే కాచుకుని కూర్చుంటే అప్పుడు తింటారు. ఇదంతా చెప్పాలి. "చేస్తారా" అని అడిగిన ప్రతిదానికీ ఎవరు పట్టుకుంటే చేస్తారు, ఎంతసేపు పడుతుంది, చేశాక మనిషి ఎలా అయిపోతాడు, అక్కడిదాకా వెళ్ళాలి. అప్పటికప్పుడు ఆ మాటలు నోటికి రావు. అందుకని ఇవాళే ఒక నోటుబుక్కులో పొద్దున లేచిన దగ్గర్నుంచి మళ్ళీ పొద్దుటిదాకా ఏమేం జరుగుతుందో రాయండి. మీ అమ్మగారు రాయలేకపోతే రాత్రి ఫోన్ చేసి అడిగి మీరే రాసుకోండి. బాగున్న రోజు, బాగాలేని రోజు రెండూ రాయండి. ఉన్నదానికంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ రాయొద్దు.

ఇల్లు కడుక్కోనివ్వండి, ఆవిడ తృప్తి ఆవిడది. యూరిన్ క్యాన్, డైపర్ల ప్యాకెట్టు, కింద పరిచే రబ్బరు షీటు మాత్రం ఎక్కడివక్కడే ఉండాలి. అవి దాచేస్తే ఆ గది మామూలు ముసలాయన పడుకునే గదిలా కనిపిస్తుంది.

చొక్కా వెయ్యండి. అడిగి మరీ వేయించుకుంటున్నారంటే అది ఆయన మర్యాద, పింఛను కోసం దాన్ని తీసెయ్యకండి. కుర్చీ సంగతంటారా, ఆ టైములో రోజూ ఎక్కడుంటారో అక్కడే ఉంచండి. కుర్చీయే కావాలని పట్టుపడితే డాక్టర్లు వచ్చాక, వాళ్ళ కళ్ళముందే కూర్చోబెట్టండి. మంచం మీంచి ఎవరు లేపారు, ఎంతమంది పట్టారు, దిండ్లు ఎన్ని పెట్టారు, అన్నీ వాళ్ళే చూస్తారు. ముందే కూర్చోబెట్టి చూపిస్తే వాళ్ళకు కనిపించేది కూర్చున్న మనిషి ఒక్కడే.

ఇంకొకటి. ఆయనకు ముందే చెప్పుకోండి. మా ఆయనతో రాత్రే అన్నాను, "రేపు నీ గురించి అన్నీ బయటివాళ్ళ ముందు చెబుతాను, మధ్యలో అందుకోకు, కోపం తెచ్చుకోకు" అని. మొహం అటు తిప్పుకున్నారు గానీ మర్నాడు మాట్లాడలేదు. మీ నాన్నగారికి మాట రాకపోయినా వినిపిస్తుంది, అర్థమవుతుంది. హఠాత్తుగా భార్య డైపర్ల గురించి పరాయివాళ్ళకు చెబుతుంటే ఆయనకెలా ఉంటుంది?

సచివాలయం గుమాస్తా

అక్క చెప్పింది బాగుంది. నేను వేరే జిల్లాలో గ్రామ సచివాలయంలో పని చేస్తున్నాను. మా దగ్గర చూసినంత వరకు చెబుతున్నా.

కాగితాలు: నాన్నగారి ఆధార్, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చేది), పింఛను ఐడీ, మొదట ఆస్పత్రిలో చేరినప్పటి డిశ్చార్జి సమ్మరీ, సీటీ లేదా ఎంఆర్ఐ ఫిల్ము దాని రిపోర్టుతో సహా, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. అన్నీ ఒక కవర్లో పెట్టి మంచం పక్కనే ఉంచండి. ఒరిజినల్స్ చూపించండి, అడిగితే జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చెయ్యొద్దు. యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటే అదీ పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, మనిషి పింఛను ఉన్న చిరునామాలో ఉండాలి. కూతురింటికి తీసుకెళ్ళినా, ఆస్పత్రిలో ఉన్నా ముందే మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌కి చెప్పి పెట్టండి, ఆస్పత్రి కాగితం వాట్సాప్‌లో పంపండి. ఫోన్ నంబరు మీదైతే అమ్మగారిది కూడా ఇవ్వండి. ఫోనెత్తకపోవడం వల్ల వచ్చే గొడవలే మా దగ్గర ఎక్కువ.

డబ్బులిస్తే వైకల్యం శాతం పెంచుతామని, లిస్టులో పేరు ఉంచుతామని ఎవరైనా వస్తే బయటికి పంపెయ్యండి.

ఫిజియో

పక్షవాతం పేషెంట్లతోనే నా పని కాబట్టి రెండు మాటలు.

"చెయ్యి కదపొద్దు" అన్న సలహా ఎందుకు పనికిరాదో చెబుతాను. పక్షవాతం వచ్చిన చేతిలో చాలామందికి కండరం బిగుసుకుని ఉంటుంది, మోచెయ్యి చాపబోతే ఎదురు తిరుగుతుంది. సుత్తితో కొడితే ఆ వైపు ఎక్కువగా ఎగురుతుంది. అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. ఇవేవీ మనిషి చేతిలో ఉండేవి కావు. కావాలని చేస్తే రావు, దాచాలన్నా దాగవు. బాగున్న ఎడం చేతిని బాగాలేనట్టు చూపిస్తే డాక్టరుకి వెంటనే తెలుస్తుంది, ఆ తర్వాత మీ నాన్నగారి కుడి చేతిని కూడా నమ్మరు.

మీరు అడగని సంగతి ఒకటి. మీ నాన్నగారి సదరం సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో కదలికలకు సంబంధించిన వైకల్యం ఒక్కటే ఉందా, మాట పోవడం కూడా ఉందా? 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం విడిగా ఉంది. పక్షవాతం వల్ల మాట పోవడం దాని కిందికే వస్తుంది. చాలామందికి ఎముకల డాక్టరు ఒక్కరే చూసి కాలూ చెయ్యికి శాతం రాసి పంపించేశారు, మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండూ ఉంటే శాతాలను నేరుగా కూడరు. పెద్దది 60, చిన్నది 40 అనుకోండి, 100 అవదు. 90లోంచి 60 తీసేస్తే మిగిలే 30ని 40తో హెచ్చించి 90తో భాగిస్తారు, 13 పైచిలుకు వస్తుంది. దాన్ని 60కి కలిపితే 73. అయినా 60కీ 73కీ తేడా చిన్నది కాదు. ఇంటికొచ్చే టీము చేతిలో ఈ పని ఉండదు, దీనికి వేరేగా సదరం స్లాట్, అంటే ఆస్పత్రిలో పరీక్షకు తేదీ, బుక్ చేసుకోవాలి. కానీ మాట రాదన్న సంగతి అమ్మగారు వాళ్ళకు కూడా గట్టిగా చెప్పాలి. నవ్వుతూ "అదే, అదే" అంటుంటే కొత్తవాళ్ళకు ఆయన అవునంటున్నట్టు అనిపిస్తుంది.

ఆ రోజు కూడా మాత్రలు మామూలు టైముకే వెయ్యండి. బీపీ మాత్ర వాడుతుంటే అది అస్సలు ఆపొద్దు.

కోనసీమ పెద్దబ్బాయి

అందరికీ చాలా థాంక్స్. సర్టిఫికెట్ ఫోటో తెప్పించుకుని చూశాను, మాట గురించి ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్ళుగా బీరువాలో ఉంది, చదివిన పాపాన పోలేదు.

అమ్మతో రోజూ రాత్రి ఫోన్లో కూర్చుని రాస్తున్నాను. మొదటిరోజు "ఏముందిరా, మామూలే" అంది. గుచ్చి గుచ్చి అడిగితే, రాత్రి లేచి నాన్నను పక్కకి తిప్పడం, తడిసిన పక్క మార్చడం, ఒక్కతే లేపలేక పక్కింటి కుర్రాణ్ణి పిలవడం, ఒక్కొక్కటీ బయటికొస్తున్నాయి. ఆ కుర్రాడు కాలేజీకి వెళ్ళిపోతే నాన్న సాయంత్రం దాకా మంచం మీదే. నేను రోజూ ఫోన్ చేస్తాను, ఎప్పుడూ "బానే ఉన్నాం" అనే అంది.

నాకు సెలవు దొరకలేదు. మావయ్యను వచ్చి ఉండమన్నాను.

కోనసీమ పెద్దబ్బాయి

వచ్చి వెళ్ళారు. మావయ్య ఫోన్లో చెప్పింది రాస్తున్నాను, తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుందని.

నాన్న చొక్కా వేయించుకున్నాడు. మంచం మీదే ఉన్నాడు. డాక్టరుగారు కుడి చెయ్యి ఎత్తమంటే ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని ఎత్తి చూపించి "అదే" అన్నాడట. పేరు అడిగితే "అదే". ఈ పక్కనున్నది ఎవరంటే అమ్మను చూసి "అదే". అక్కడ డాక్టరుగారే "మాట పూర్తిగా పోయిందామ్మా" అని అడిగారు. అమ్మకు గొంతు పెగల్లేదు, నేను రాసి పంపిన కాగితం మావయ్య చదివాడు. సగం చదివేసరికి అమ్మ అందుకుని మిగతాది తనే చెప్పింది. స్కాన్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశారు. మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపించమన్నారు, మావయ్య, అమ్మ ఇద్దరూ పట్టి మార్చారు. ఫోటోలు తీసుకున్నారు. ఫలితం ఏమిటని అడిగితే మా చేతిలో ఏమీ లేదు, ఆన్‌లైన్‌లో పెట్టడం వరకే మా పని అన్నారు.

పండక్కి వెళ్ళినప్పుడు సదరం స్లాట్ సంగతి చూస్తాను.

గీత కార్మికుడి భార్య

ఫలితం గురించి మాకూ ఏమీ చెప్పలేదు తమ్ముడూ. ఒకటో తారీఖు పింఛను ఇవ్వడానికి వచ్చి తలుపు కొడితే ఉన్నట్టు. స్లాట్ రోజు మీ నాన్నగారిని తీసుకెళ్ళేటప్పుడు ఆటో వద్దు, వెనక సీటు వాల్చగలిగే బండి మాట్లాడుకోండి. ఆస్పత్రిలో వీల్‌చైరు ఖాళీగా ఉంటుందని నమ్ముకోవద్దు, మీది మీరు పట్టుకెళ్ళండి. అన్నం, నీళ్ళు, రెండు డైపర్లు ఎక్కువ.

సిక్కోలు చెల్లి (2025 ఆగస్టు)

పాత చర్చ అయినా ఇక్కడే అడుగుతున్నాను. మా అన్నయ్యకు బైక్ యాక్సిడెంట్‌లో కాలు దెబ్బతింది, వికలాంగ పింఛను నెలకు 6,000 వస్తోంది. ఆస్పత్రికి పిలిచి మళ్ళీ పరీక్ష చేశారు. ఇప్పుడు "తాత్కాలిక వైకల్యం" అని నోటీసు ఇచ్చారు. మోకాలు వంగదు, తాత్కాలికం ఎలా అవుతుంది? వచ్చే నెల నుంచి ఆగిపోతుందా?

సచివాలయం గుమాస్తా

చెల్లీ, నోటీసు రాగానే అయిపోయినట్టు కాదు. అప్పీలు పెట్టుకోవచ్చు. పల్లె అయితే ఎంపీడీఓ (మండల పరిషత్ అధికారి) ఆఫీసులో, పట్టణం అయితే మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో. అప్పీలు పెట్టినవాళ్ళకు సెప్టెంబరు పింఛను ఇస్తామని ప్రభుత్వం చెప్పింది కాబట్టి ఆలస్యం చెయ్యకుండా పెట్టండి.

నోటీసు, ఆధార్, పాత సదరం సర్టిఫికెట్, కొత్తది, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు తీసుకెళ్ళండి. ఈ మధ్య ఎముకల డాక్టరుకి చూపించకపోయి ఉంటే ముందు చూపించి, మోకాలు ఎంతవరకు వంగుతోంది, ఇక బాగుపడే అవకాశం ఉందా లేదా అన్నది రాయించుకోండి. "తాత్కాలికం" అన్నదానికి మీ జవాబు ఆ కాగితమే. ఇంకోటి, 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటేనే వికలాంగ పింఛను. కొత్త సర్టిఫికెట్‌లో శాతం ఎంత వేశారో కూడా చూసుకోండి, ఒక్కోసారి గొడవ అక్కడుంటుంది.

మళ్ళీ పరీక్షకు తేదీ ఇస్తారు, ఆ రోజు తప్పకుండా వెళ్ళాలి. అప్పీలు కాగితం ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. "మేం చూసుకుంటాం, వెళ్ళండి" అంటే వచ్చెయ్యొద్దు, స్టాంపు పడేదాకా అక్కడే నిలబడండి.

గీత కార్మికుడి భార్య

మాకు నోటీసు రాలేదు, పింఛను వస్తోంది. చెల్లీ, మీ అన్నయ్యకు ఒక మాట చెప్పండి. "నడవగలవా" అని అడిగితే "నడుస్తానండీ" అని ఊరుకోకుండా ఎంత దూరం నడిస్తే ఆగాల్సి వస్తుందో, మెట్లెక్కేటప్పుడు దేన్ని పట్టుకుంటాడో, కింద కూర్చుంటే ఎవరు లేపాలో చెప్పమనండి. మగపిల్లలు ఈ మాటలు చెప్పడానికి సిగ్గుపడతారు, మీరు పక్కనే నిలబడండి.